కోట చూసి తిరిగొచ్చేయకండి

(ఈశాన్య ఇంగ్లండ్‌లో ఉంటున్న తెలుగు కుటుంబాల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. పెద్దలకు, పిల్లలకు, ఈ మధ్యే చదువుకోడానికి ఈ దేశం వచ్చిన తమ్ముళ్లకు, చెల్లెళ్లకు ప్రత్యేకంగా నమస్కారం.

నన్ను లిండిస్‌ఫార్న్ గురించి మాట్లాడమన్నారు. న్యూకాసిల్ నుంచి కారులో ఉత్తరంగా గంటన్నర పోతే వచ్చే ద్వీపం. హోలీ ఐలండ్ అని కూడా అంటారు. మీలో చాలామంది వెళ్లొచ్చే ఉంటారు. జూలైలోనో ఆగస్టులోనో ఎండ కాసిన రోజు చూసుకుని వెళ్లి ఉంటారు. కొండ మీద కోట ముందు ఫొటోలు దిగి, ఊళ్లో టీ తాగి, రోడ్డు మూసేలోపు బయటపడి ఉంటారు. అందులో తప్పేమీ లేదు. కానీ అక్కడ చూడాల్సినదాంట్లో కోట చాలా చిన్న భాగం. కోటకు నాలుగు వైపులా ఉన్న బురద, ఇసుక, గడ్డి, వాటి మీద బతికే పక్షులు పెద్ద భాగం. మనవాళ్లు మొదటిది చూసి రెండోది చూడకుండా వచ్చేస్తున్నారన్నదే నా బాధ. ఈ రోజు ఎక్కువగా ఆ రెండోదాని గురించే చెప్తాను. అయితే కోటను మాత్రం వదలను. అది నాకు చాలా ఇష్టమైన కట్టడం.

ముందు దారి సంగతి. ప్రాణానికి సంబంధించిన విషయం కాబట్టి ఇది మొదట చెప్పాలి.

ఏ వన్ రోడ్డు మీద ఉత్తరానికి వెళ్తుంటే బీల్ అనే ఊరి దగ్గర కుడివైపు తిరగాలి. పొలాల మధ్య కొంత దూరం వెళ్లాక రోడ్డు నేరుగా సముద్రంలోకి దిగుతుంది. కాజ్‌వే అంటారు. ఇది 1954లో వేసిన రోడ్డు. అంతకు ముందు మనుషులు, గుర్రబ్బండ్లు ఇసుక మీదుగానే వెళ్లేవి. ఈ రోడ్డు రోజుకు రెండుసార్లు నీళ్లలో మునుగుతుంది. పోటు వచ్చిన ప్రతిసారీ దాదాపు ఐదు గంటలు రోడ్డు ఉండదు. మన కోస్తా ఊళ్ల నుంచి వచ్చినవాళ్లకు ఆటుపోట్ల గురించి నేను చెప్పక్కర్లేదు. అమావాస్యకీ పౌర్ణమికీ పోటు ఎక్కువుంటుందని చిన్నప్పుడే విని ఉంటారు. ఇక్కడా అంతే. కాకపోతే ఇక్కడి తీరం చాలా పల్లంగా ఉంటుంది. నీళ్లు కెరటాలుగా విరుచుకుపడవు, చప్పుడు లేకుండా పక్కల నుంచి పాకుతూ వస్తాయి. కారు అద్దంలోంచి చూస్తే చిన్న మడుగులా కనపడుతుంది. దాటేయొచ్చులే అనిపిస్తుంది. ఆ దారిలోనే ఉన్న వంతెన దగ్గరికి వచ్చేసరికి ఇంజన్‌లోకి నీళ్లు వెళ్తాయి.

ఆ వంతెన పక్కనే గుంజల మీద నిలబెట్టిన ఒక తెల్లటి గది ఉంటుంది. నిచ్చెన ఎక్కి పైకి పోవాలి. చిక్కుకుపోయినవాళ్లు తలదాచుకోడానికి కట్టారు. ఏటా ఎవరో ఒకరు కారు వదిలేసి ఆ గదిలోకి ఎక్కుతూనే ఉన్నారు. సీహౌసెస్ నుంచి లైఫ్‌బోట్ వచ్చి వాళ్లను దించుకెళ్తుంది. ఆ బోట్ మీద వచ్చేవాళ్లు స్వచ్ఛంద సేవకులు. తమ పని మానుకుని, రాత్రనక పగలనక మన కోసం వస్తారు. మన తొందర వల్ల వాళ్లను కష్టపెట్టడం నాకు అస్సలు నచ్చదు.

నార్తంబర్లాండ్ కౌంటీ కౌన్సిల్ వాళ్లు ఏ రోజు ఏ టైముకు దాటొచ్చో ముందే పట్టిక వేస్తారు. రోడ్డు రెండు చివర్లా బోర్డులూ ఉంటాయి. ఆ టైము రోజురోజుకూ మారుతుంది. చంద్రుడిని బట్టి పోటు రోజుకు సుమారు 50 నిమిషాలు ఆలస్యంగా వస్తుంది. అంటే పోయిన శనివారం టైముకే ఈ శనివారం వెళ్దామంటే కుదరదు. ఇంకో మాట. పట్టికలో ఉన్నది మామూలు వాతావరణానికి లెక్క. గాలి బలంగా ఉంటే నీళ్లు ముందే వస్తాయి. అందుకే చివరి నిమిషం దాకా ఆగొద్దు. బస్సు, కోట తెరిచే వేళలు కూడా ఈ పట్టికను బట్టే మారుతుంటాయి.

సరే, దాటాం. ఇప్పుడు చరిత్ర కొంచెం.

635లో ఏడన్ అనే ఐరిష్ క్రైస్తవ సన్యాసి ఇక్కడ మఠం పెట్టాడు. నార్తంబ్రియా రాజు ఆస్వాల్డ్ ఆయన్ను స్కాట్లండ్‌లోని అయోనా దీవి మఠం నుంచి పిలిపించి ఈ ద్వీపం ఇచ్చాడు. ఆ తర్వాత వచ్చిన కత్‌బర్ట్ అనే సన్యాసి ఈ ప్రాంతానికి పెద్ద పేరు. ఆయన 687లో దగ్గర్లోని ఇన్నర్ ఫార్న్ ద్వీపంలో పోయాడు. ఆ తరువాతి కాలంలోనే ఈ మఠంలో లిండిస్‌ఫార్న్ గాస్పెల్స్, అంటే బైబిల్లోని నాలుగు సువార్తలు, రాశారు. దూడ చర్మాల మీద రంగులతో రాసిన గ్రంథం అది, ఇప్పుడు లండన్ బ్రిటిష్ లైబ్రరీలో ఉంది. 793లో వైకింగ్‌లు, అంటే స్కాండినేవియా సముద్రపు దొంగలు, పడవల్లో వచ్చి మఠాన్ని దోచుకున్నారు. యూరప్ అంతా ఉలిక్కిపడిన దాడి అది. 875లో సన్యాసులు కత్‌బర్ట్ శరీరాన్ని మోసుకుని ద్వీపం వదిలి వెళ్లిపోయారు. చివరికి ఆయన సమాధి డరమ్ కథీడ్రల్‌లో ఉంది. డరమ్‌లో ఉంటున్నవాళ్లు చూసే ఉంటారు.

ఇప్పుడు ఊళ్లో కనిపించే ఎర్రరాతి శిథిలాలు ఆ మొదటి మఠానివి కావు. డరమ్ నుంచి వచ్చిన సన్యాసులు 12వ శతాబ్దంలో కట్టిన ప్రయరీవి, అంటే చిన్న మఠానివి. ఎనిమిదో హెన్రీ దేశమంతటా మఠాలు మూయించినప్పుడు 1537లో ఇదీ మూతపడింది. ఆ మఠం రాళ్లే కొన్ని మోసుకెళ్లి, పక్కనున్న గుట్ట మీద కోట కట్టుకున్నారు. అప్పట్లో స్కాట్లండ్‌తో గొడవలు. రేవును కాపాడుకోడానికి ఫిరంగులు పెట్టే చోటు కావాల్సి వచ్చింది. 1550 ప్రాంతానికి కోట ఒక రూపానికి వచ్చింది. ఎలిజబెత్ రాణి కాలంలో ఇంకా గట్టిపరిచారు. కానీ 1603లో స్కాట్లండ్ రాజే ఇంగ్లండ్‌కూ రాజయ్యాడు. ఇక శత్రువు ఎవరు? కోటకు పని లేకుండా పోయింది. అయినా కొద్దిమంది సైనికులు కాపలా ఉంటూ వచ్చారు.

ఆ కొద్దిమంది వల్ల 1715లో ఒక విచిత్రం జరిగింది. గద్దె దిగిన స్టువర్ట్ రాజవంశాన్ని తిరిగి తేవాలని జాకొబైట్లు చేసిన తిరుగుబాటు నడుస్తున్న రోజులు. లాన్సెలట్ ఎరింగ్టన్ అని ఆ పక్షాన ఉన్న ఒక ఓడ యజమాని. కోటలో ఉన్న ఫిరంగి అధికారే ఊరివాళ్లకు గడ్డం కూడా గీసేవాడట. ఎరింగ్టన్ క్షవరం చేయించుకుంటానని వెళ్లి లోపలి పరిస్థితి చూసి వచ్చాడనీ, వాచీకి కీ ఇచ్చే తాళంచెవి మర్చిపోయాననే సాకుతో మళ్లీ వెళ్లి, మేనల్లుడితో కలిసి కోట పట్టేశాడనీ చెప్పుకుంటారు. ఫ్రెంచ్ ఓడలు వస్తాయని వాళ్ల ఆశ. ఓడలు రాలేదు. మర్నాడే బెర్విక్ నుంచి సైనికులు వచ్చి కోటను తిరిగి పట్టుకున్నారు. ఆ కోట చూసిన యుద్ధం దాదాపు అంతే.

ఇప్పుడు మనం చూసే లోపలి గదులు మాత్రం 20వ శతాబ్దపువి. 1901లో ఎడ్వర్డ్ హడ్సన్ అనే పత్రికాధిపతి ఈ పాడుబడ్డ కోటను తీసుకున్నాడు. కంట్రీ లైఫ్ పత్రిక పెట్టింది ఆయనే. సెలవులకు వచ్చి ఉండటానికి ఇల్లులా మార్చమని ఒక యువ ఆర్కిటెక్ట్‌ను అడిగాడు. ఆ ఆర్కిటెక్ట్ ఎడ్విన్ లట్యెన్స్.

ఆ పేరు మనకు తెలుసు. న్యూఢిల్లీలో రాష్ట్రపతి భవన్ ఆయన డిజైనే. మన హైదరాబాద్ వాళ్లకు ఇంకా దగ్గర. నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ ఢిల్లీలో కట్టించుకున్న హైదరాబాద్ హౌస్ గీసిందీ ఆయనే. విదేశాల ప్రధానులు, అధ్యక్షులు వచ్చినప్పుడు మన ప్రధాని చర్చలు జరిపేది అందులోనే, టీవీలో చూస్తుంటాం. అంత పెద్ద భవనాలు కట్టిన మనిషి అంతకు ముందు ఈ చిన్న కోటలో ఏం చేశాడో చూడండి. నిజాం భవనంలో గుమ్మటం, వెడల్పాటి మెట్లు. ఇక్కడ తల వంచుకుని పోయే నడవాలు, గుహల్లాంటి కమాను గదులు, మందపాటి గోడల్లో లోతుగా కూర్చున్న కిటికీలు. పాత ఫిరంగి మందు దాచిన గదులను భోజనాల గదిగా, కూర్చునే గదిగా మార్చాడు. కోటను కొత్తగా మెరిపించాలని చూడలేదు. ఉన్న రాతికి లొంగి పని చేశాడు. ఆయన కట్టినవాటిలో నాకు ఇదే ఎక్కువ నచ్చుతుంది, ఢిల్లీ కన్నా కూడా.

లోపల ఒక వస్తువు దగ్గర కాసేపు ఆగండి. ప్రవేశ హాల్లో పొయ్యి పైన గోడకు గాలి దిక్కు చూపే ముల్లు ఉంటుంది. వెనక ఈ తీరం మ్యాపు, సముద్రంలో స్పానిష్ ఆర్మడా, అంటే ఇంగ్లండ్ మీదికి వచ్చిన స్పెయిన్ యుద్ధనౌకల, బొమ్మ గీసి ఉంటాయి. గీసినాయన మెక్డొనాల్డ్ గిల్. ఆ ముల్లును కోట పైకప్పు మీది గాలిమరకు కలిపారు. అంటే బయట గాలి ఎటు తిరిగితే లోపల ముల్లు అటు తిరగాలి. పడవలో వెళ్లాలా వద్దా అన్నది మంట దగ్గర కూర్చునే తెలుసుకోవచ్చు. ఈ ద్వీపంలో గాలి, నీళ్లు చెప్పినట్టే మనుషులు వినాలని లట్యెన్స్ కాలంలోనూ అందరికీ తెలుసు. కోటకు కూడా ఆ గాలితోనే తిప్పలు. వాన అడ్డంగా కొడుతుంది, రాతి సందుల్లోంచి తేమ దిగుతుంది. 1944 నుంచి కోట పాత కట్టడాలను కాపాడే నేషనల్ ట్రస్ట్ అనే సంస్థ చేతిలో ఉంది. 2016 నుంచి 2018 దాకా పూర్తిగా మూసి, కిటికీలు, గోడలు, పైకప్పు బాగు చేశారు.

కోట మీది నుంచి ఉత్తరంగా చూస్తే మైదానం మధ్యలో నాలుగు రాతిగోడలు కనిపిస్తాయి. అందులో ఒక పూలతోట ఉంది. 1911లో గెర్ట్రూడ్ జెకిల్ అనే తోటల డిజైనర్ వేసిన తోట. గోడలు గాలిని ఆపుతాయి, గొర్రెలను ఆపుతాయి. ఆమె గీసిన ప్లాన్లు దొరకడంతో, వాటి ప్రకారం మళ్లీ అవే రకాల మొక్కలు వేశారు. రేవు దగ్గర బోర్లించిన పాత పడవలు, కోట కింద సున్నపు బట్టీలు కూడా చూడండి. బట్టీలు 1860ల నాటివి. బొగ్గు ఓడల్లో వచ్చేది, సున్నం ఓడల్లో పోయేది.

ఇక నా అసలు విషయానికొస్తాను.

కోట పై అరుగు మీద నిలబడి పశ్చిమంగా, దక్షిణంగా చూడండి. ఆటు సమయంలో మైళ్ల కొద్దీ బురద, ఇసుక. చాలామంది అటు చూసి, నీళ్లుంటే బాగుండేది, ఫొటో బాగా వచ్చేది అంటారు. ఆ బురదే ఇక్కడి సంపద. కోట, ఊరు వదిలేస్తే చుట్టూ ఉన్న ఈ తీరం, ఇసుక దిబ్బలు, ఆ ఒడ్డున బడల్ బే దాకా కలిపి 1964లో జాతీయ ప్రకృతి సంరక్షణ ప్రాంతంగా ప్రకటించారు. సుమారు 3,500 హెక్టార్లు. నేచురల్ ఇంగ్లండ్ అనే ప్రభుత్వ ప్రకృతి సంరక్షణ సంస్థ దాన్ని చూసుకుంటుంది.

ఆ బురదలో ఏముంది? నత్తలు, గుల్లలు, వానపాముల్లాంటి సముద్రపు పురుగులు. వాటితో పాటు ఈల్‌గ్రాస్ అనే గడ్డి. నాచు కాదది, పూలు పూసే మొక్క. పోటులో నీటి కింద ఉంటుంది, ఆటులో బురద మీద వాలిపోయి పచ్చగా కనపడుతుంది. ఆ గడ్డి కోసం స్వాల్బార్డ్ నుంచి బ్రెంట్ గూస్‌లు అనే అడవి బాతులు వస్తాయి. స్వాల్బార్డ్ అంటే నార్వేకు ఉత్తరంగా, ఉత్తర ధ్రువానికి దగ్గర్లో ఉన్న దీవులు. అక్కడి నుంచి ఇక్కడికి తిన్నగా కొలిచినా దాదాపు రెండున్నర వేల కిలోమీటర్లు. మన ఇళ్లల్లో పెంచే పెద్దబాతుకన్నా చిన్నవి. నల్లటి తల, నల్లటి మెడ, మెడ మీద సన్నటి తెల్ల గీత, లేతరంగు పొట్ట. స్వాల్బార్డ్‌లో గుడ్లు పెట్టే ఈ లేతపొట్ట బాతుల సంతతి ప్రపంచంలోనే చాలా చిన్నది. చలికాలానికి అవి వెళ్లే చోట్లు ప్రధానంగా రెండే. ఒకటి డెన్మార్క్, రెండోది ఇది. బ్రిటన్ మొత్తం మీద అవి ఏటా క్రమం తప్పకుండా వచ్చే చోటు లిండిస్‌ఫార్న్ ఒక్కటే. డెన్మార్క్‌లో చలి మరీ ముదిరి నీళ్లు గడ్డకడితే ఇంకొన్ని ఇటు వచ్చేస్తాయి. ఈ గడ్డి పాడైతే వాటికి పోవడానికి ఇంకో చోటు దాదాపు లేనట్టే. ఒక కోట కూలితే కట్టొచ్చు, కట్టారు కూడా. ఈ బురద పాడైతే మళ్లీ చేయగల లట్యెన్స్ ఎవరూ లేరు.

(వెనక నుంచి ఒకరు: "దగ్గరికి వెళ్లి చూడొచ్చా?")

అడిగారు కాబట్టి చెప్తాను బాబూ, వెళ్లకూడదు. చలికాలంలో పగలు చిన్నది, తిండి దొరికే సమయం ఆటు ఉన్నంతసేపే. మనం దగ్గరికి పోతే గుంపంతా లేస్తుంది. లేచిన ప్రతిసారీ తిన్నది ఖర్చయిపోతుంది. మనకది ఒక మంచి వీడియో, వాటికది ఆ పూట తిండి. పైగా బురద లోతు మనకు తెలియదు. గుర్తులు లేని చోట పిల్లలను పరుగెత్తనివ్వొద్దు. డ్రోన్లు కూడా అక్కడ ఎగరేయనివ్వరు, తీసుకెళ్లకండి.

అయితే దగ్గరగా చూసే ఉపాయం ఉంది. మామూలు బైనాక్యులర్స్ ఒకటి పట్టుకెళ్లండి. పోటు ఎక్కుతున్నప్పుడు ఒడ్డున కదలకుండా ఒకచోట కూర్చోండి. నీళ్లు బురదను కప్పుతూ వస్తుంటే పక్షులే మీవైపు జరుగుతూ వస్తాయి. మొదట గుంపు చూడకండి, ఒక్క పక్షిని పట్టుకోండి. బార్‌టెయిల్డ్ గాడ్‌విట్ అని ఒకటుంటుంది. పొడుగాటి ముక్కు, చివర కొంచెం పైకి తిరిగి ఉంటుంది. మొదట్లో గులాబీ రంగు, కొసకు నలుపు. నాలుగడుగులు వేస్తుంది, ఆగుతుంది, ముక్కు మొత్తం కళ్ల దాకా బురదలో దించేస్తుంది. ఒక్కోసారి తల కూడా నీళ్లలో మునుగుతుంది. అటూ ఇటూ తిప్పి తిప్పి లాగితే పురుగు వస్తుంది, మింగుతుంది, మళ్లీ నడక. ముక్కు కొసతోనే లోపల ఏముందో తడిమి తెలుసుకుంటుంది. ఒక్క పక్షిని ఇలా పావుగంట చూస్తే ఆ బురద మీకు ఇక ఖాళీ స్థలంలా కనపడదు.

రోడ్డు మూసేసిన టైములో చేరారనుకోండి, టెన్షన్ పడొద్దు, వెనక్కీ రావొద్దు. ఈ ఒడ్డునే ఫెన్‌హమ్ వైపు, దక్షిణాన బడల్ బేలో కూడా అవే పక్షులు కనిపిస్తాయి. పోటు దిగేదాకా అక్కడ గడపండి.

ఆటు సమయంలో ఊరి దక్షిణంగా ఉన్న హ్యూ అనే రాతిగట్టు ఎక్కితే, ఎదురుగా ఇసుక మేటల మీద గ్రే సీల్స్ అనే సముద్రపు జంతువులు వందల్లో పడుకుని ఉంటాయి. గాలి ఇటు వీస్తే వాటి అరుపులు ఊళ్లోకి వినిపిస్తాయి. మూలుగులా, పాటలా ఉంటుంది. పిల్లలు ఇష్టపడతారు.

వేసవిలో వెళ్లేవాళ్లకు వేరే జాగ్రత్త. లిటిల్ టర్న్ అనే చిన్న పక్షి గులకరాళ్ల మధ్య నేల మీదే గుడ్లు పెడుతుంది. ఆ గుడ్డు అచ్చం గులకరాయి లాగే ఉంటుంది. కాలు పడేదాకా తెలియదు. అందుకే వార్డెన్లు అక్కడక్కడ తాళ్లు కడతారు, కాపలా ఉంటారు. తాడు కట్టారంటే అవతలకి పోవద్దు. ఉత్తరాన ఇసుక దిబ్బల మధ్య పల్లాల్లో జూన్, జూలైల్లో ఆర్కిడ్‌లు పూస్తాయి. అందులో లిండిస్‌ఫార్న్ హెలెబొరిన్ అనేది ఈ ద్వీపంలో తప్ప ప్రపంచంలో ఇంకెక్కడా లేదు. ఆకుపచ్చగా, చిన్నగా ఉంటుంది. వెతుకుతూ తొక్కేస్తే వెళ్లిన పని చెడినట్టే, బాటలోనే నడవండి.

అవే దిబ్బల్లో పిరిపిరి అని ఒక మొక్క ఉంది. దాని కాయలకు కొక్కేల్లాంటి ముళ్లుంటాయి. మన పొలం గట్ల మీద ఉత్తరేణి గింజలు పంచెకూ లంగాకూ అంటుకుంటాయి చూడండి, అచ్చం అలాగే సాక్సులకు, షూ లేసులకు, కుక్క బొచ్చుకు పట్టుకుంటాయి. న్యూజిలాండ్, ఆస్ట్రేలియా వైపు మొక్క. అక్కడి నుంచి దిగుమతైన గొర్రెల ఉన్నితో పాటు ఇటు వచ్చిందంటారు. ఇప్పుడు దిబ్బల మీద పరుచుకుని స్థానికంగా ఉండే మొక్కలను నొక్కేస్తోంది. కారెక్కే ముందు సాక్సులు, ప్యాంటు అంచులు చూసుకోండి. అంటుకున్న కాయలు అక్కడే కింద పారేయకుండా ఒక కవర్లో వేసుకుని చెత్తబుట్టలో వేయండి. మా ఇంట్లో ఈ పని పిల్లలకు అప్పజెప్తాం, పోటీపడి ఏరుతారు.

ఇంకొక్క విషయం చెప్పి మీ ప్రశ్నలు తీసుకుంటాను. వెళ్లడానికి మంచి నెల ఏదని చాలామంది అడుగుతుంటారు. చలికాలంలో కోట మూసేస్తారు. వేసవిలో బాతులు ఉండవు. బాతులు సెప్టెంబరు నుంచి దిగడం మొదలవుతుంది. అందుకే అక్టోబరు నా ఎంపిక. సాధారణంగా కోట ఇంకా తెరిచే ఉంటుంది, బురద మీద బాతులు వచ్చి ఉంటాయి. రద్దీ కూడా తగ్గుతుంది. పిల్లలకు హాఫ్‌టర్మ్ సెలవులు కూడా ఆ నెల చివర్లోనే. చలిగాలికి తగ్గ జాకెట్లు, టోపీలు ఉండాలి, తినడానికి పులిహోర, దద్దోజనం కట్టుకెళ్తే సరిపోతుంది. ప్రయరీ, కోట, తోట చూసుకుని, తోట దాటి లాఫ్ అనే చెరువు దగ్గరికి నడవండి. అక్కడ పక్షులు చూడ్డానికి చెక్క గది కట్టారు. అక్కడి నుంచి ఇంకాస్త ముందుకు వెళ్తే ఎమాన్యుయెల్ హెడ్, ఓడలకు గుర్తుగా కట్టిన తెల్లటి పిరమిడ్. అది చుట్టి దిబ్బల అంచున ఊళ్లోకి వచ్చేయొచ్చు. ముసలివాళ్లు, చంటిపిల్లలు ఉంటే లాఫ్ దాకా చాలు.

అందరం కలిసి వెళ్దామంటే నేను వస్తాను. పేర్లు ఇవ్వాలనుకునేవాళ్లు ఇప్పుడు టీ దగ్గర ఇవ్వండి. తేదీ మాత్రం ఈ రోజే చెప్పలేను, కౌన్సిల్ పట్టికలో పగటిపూట ఎక్కువసేపు రోడ్డు తెరిచి ఉండే శనివారం ఏదో చూసి గ్రూపులో పెడతాను.

ఇక అడగండి. ముందు అక్కడ చెయ్యెత్తిన అమ్మాయి.